విరిగిన కమానుకు రెండు నేరాలు

ఒకే వ్యాను, ఒకే కమాను, ఒకే మనిషి. ఆ కమాను విరిగినందుకు పాత నిజాం సర్కారు అతన్ని సంఘం మనిషి, అంటే కమ్యూనిస్టు, అన్నది. కొత్త సర్కారు రజాకార్ల మనిషి అన్నది. కమాను ఎందుకు విరిగిందని మాత్రం రెండింటిలో ఏ ఒక్కటీ అడగలేదు. అతని డ్రైవరు లైసెన్సు లాక్కున్నారు. ఇప్పుడు నడుస్తున్నది 1951వ సంవత్సరం. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

ఆ మనిషి పేరు జయానందం. మెదకులో పెద్ద చర్చి వెనుక వాడలో ఉంటాడు. మిషను దవాఖానా మోటారు కడుగుతూ కడుగుతూ నడపడం నేర్చుకుని, తరువాత వెంకట్రాములు అనే, సర్కారు గల్లా, అంటే ధాన్యం, చేరవేసే కంట్రాక్టరు దగ్గర సరుకుల వ్యానుకు డ్రైవరుగా కుదిరాడు. మెత్తనివాడేమీ కాడు. మాటకు మాట అంటాడు. ఎదుటివాడు సావుకారైతే ఇంకొకటి ఎక్కువే అంటాడు. వ్యాను నడుపుతున్నంతసేపూ కీర్తనలు పాడతాడు. ఇంజను చప్పుడుకు పోటీగా పాడతాడు కనుక ఆ గొంతు దూరం నుంచే తెలిసిపోతుంది. అతనిలో ఇతర లోపాలు కూడా ఉండవచ్చు. దేశద్రోహం వాటిలో లేదు.

నేను మెదకు బడిలో పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. అతని పక్షాన ఉభయ ప్రభుత్వాలకూ అర్జీలు వ్రాసింది నేనే. నకళ్లూ, వచ్చిన జవాబులూ అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ జవాబుల్లో కమాను అనే మాట ఒక్కచోట కూడా లేదు. అందుకే ఈసారి సర్కారు కచేరీకి కాక పదిమందీ చదివే చోటికి వ్రాస్తున్నాను.

మోటారు సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. వ్యాను బరువంతా చక్రాల మీద నేరుగా ఆనదు. నడుమ వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్టలు ఉంటాయి. వాటినే కమాన్లంటారు. ముందు చక్రాల కమాన్లు సన్నవి. ఇంజను బరువుకు, డ్రైవరు బరువుకు సరిపోయేటట్టు చేసినవి. వడ్ల సంచుల బరువు వెనుక కమాన్ల వంతు.

1948 వేసవిలో లెవీ వడ్లు, అంటే రైతుల దగ్గర సర్కారు నిర్బంధంగా తీసుకునే ధాన్యం, కుల్చారం నుంచి మెదకు గోదాముకు ఈ వ్యానులోనే వచ్చేవి. నల్గొండలో సాగినంత పోరాటం ఇక్కడ లేకపోయినా దాని గాలి తగలకపోలేదు. దారిలో వాగు దాటి మిట్ట ఎక్కేటప్పుడు వ్యాను మెల్లగా పోతుంది. అక్కడ జనం పొదల్లోంచి వచ్చి వెనుక సంచులు కోసి వడ్లు రాల్చుకునేవారు. దీనికి వెంకట్రాములు కనిపెట్టిన ఉపాయం ఇది: వ్యాను వెనుక సగం ఖాళీగా ఉంచి, సంచులన్నీ డ్రైవరు వీపుకు ఆనించి పైదాకా పేర్చాలి. తుపాకులు పట్టిన రజాకార్లు ముందు చక్రాల మడ్‌గార్డుల మీద చెరొక పక్క కూర్చోవాలి.

మొదటిరోజే జయానందం అడ్డు చెప్పాడు. ఆనాడు కుల్చారంలో నేనూ ఉన్నాను.

"సావుకారీ, అంతా ముంగటనే పేరిస్తే బండి ముక్కు నేలకు రాస్తది. కమాను ఇరుగుతది."

"ఎన్కకేస్తే సంచులు కోస్తున్నరు. నాకు వడ్లు ముఖ్యమా, నీ కమాను ముఖ్యమా?" అన్నాడు వెంకట్రాములు.

"కమాను ఇరిగినంక వడ్లు మీరు మోసుకపోతరా? పోనీ, గీ సిపాయిలనన్న సంచుల మీద కూసోమనుండ్రి."

"ముంగట కనవడాలె. బందూకు చూస్తెనే జనం జరుగుతరు. నడుపుమంటె నడుపురా, మస్తు మాట్లాడ్తున్నవ్."

వారం తిరగకముందే ముందు కమానులో పట్టీ విరిగింది. కమ్మరి నర్సింగం కొత్త పట్టీ వేశాడు. మళ్లీ విరిగింది. ఈసారి రెండువైపులా ఒక్కొక్క పట్టీ ఎక్కువ వేశాడు. దానితో కమాన్లు బిగుసుకుపోయి, వాటిని పట్టి ఉంచే బోల్టులు తెగడం మొదలైంది. బోల్టులు లావువి వేస్తే ఇంకొక పట్టీ పగిలింది. ఈ విసుగు ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో చెబితే చదివేవారికీ విసుగే.

"తమ్మీ, ఇంకో పట్టీ ఏస్త. గని దెబ్బ ఆడ గాకుంటె ఈడ తగుల్తది," అన్నాడు నర్సింగం. "సంచులు జర ఎన్కకు జరుపుమనరాదు?"

"నువ్వొచ్చి చెప్పన్నా."

"నేనెందుకు చెప్త? ఇరిగితెనే గద నువ్వు నా తానకొచ్చేది."

ఇక్కడే జయానందం ఒక పని చేశాడు. అతన్ని ముంచింది అదే. మా ప్రాంతంలో కమాను పట్టీ విరిగిందంటే దానికోసం రైతులు కాచుకుని ఉంటారు. ఆ ఉక్కుతో చేసిన కొడవలి తొందరగా మొద్దుబారదు. జయానందం ఎవరికీ ఒక ముక్క ఇవ్వలేదు. విరిగిన ప్రతి పట్టీనీ ఇంటికి తెచ్చి వాకిట్లో పేర్చాడు. ఒకనాడు పై అధికారి ఎవరైనా విచారణకు వస్తే చూపించాలని అతని పట్టుదల.

"కూసునెతందుకు జాగ లేదు, ఇనుము పేరుస్తున్నవ్. అడిగినోళ్లకు ఇయ్యరాదా?" అన్నది అతని భార్య ఎలిశిబా.

"ఇయ్య. గివి నా సాక్షులు."

"సాక్షులైతె వాళ్లకు అన్నం నువ్వే వెట్టుకో. నేను వెట్ట."

నేను అడిగితే మాత్రం ఒక పట్టీ ఇచ్చాడు. మా బడి గంట పగిలిపోయింది. దాని స్థానంలో ఆ పట్టీని తాడు కట్టి వేలాడదీశాము.

ఒక మధ్యాహ్నం ఎక్కవలసిన మిట్ట దగ్గరే కమాను పూర్తిగా తెగింది. ముందు ఇరుసు ఒక పక్కకు జరిగి వ్యాను కాలువలోకి ఒరిగింది. మడ్‌గార్డు మీది మనిషి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండవవాడు పరుగెత్తాడు. కాసేపటికి జనం వచ్చారు. సంచులు ముందు ఉన్నాయా వెనుక ఉన్నాయా అని చూడకుండా మోసుకుపోయారు. మర్నాడు రెవెన్యూ అధికారి గిర్దావరు పోలీసులను వెంటబెట్టుకుని జయానందం ఇంటికి వచ్చాడు. వాకిట్లో ఉక్కు గుట్ట కనిపించింది.

"ఇంత ఉక్కు ఎందుకు? సంఘపోళ్లకు కత్తులు చేసెతందుకు ఇస్తున్నవా?"

"ఇయ్యకుంటనే గద సాబ్, గింత జమైంది," అన్నాడు జయానందం.

ఇందులో అర్థం కానిది ఏమున్నది? అయినా ఉక్కు గుట్ట మొత్తం జప్తు చేశారు. అతన్ని ఠాణాలో ఉంచి కొట్టారు. "ఆయుధాల ఉక్కు నిల్వ" అని మిసిలులో, అంటే కచేరీ ఫైలులో, వ్రాసుకున్నారు. తరువాత విడిచిపెట్టారు, న్యాయం తెలిసి కాదు, ఆ వ్యాను నడపడానికి ఇంకొకడు దొరకక.

సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. రజాకార్లు మాయమయ్యారు. వెంకట్రాములు ఖద్దరు టోపీ పెట్టుకున్నాడు. కొత్తగా దిగిన పటాలానికి బియ్యం చేరవేసే కంట్రాక్టు కూడా అతనికే దక్కింది. ఇక సంచులు వెనుకకు జరుగుతాయని జయానందం ఆశపడ్డాడు, నేనూ ఆశపడ్డాను. జరగలేదు. హమాలీలకు అలవాటైపోయింది, సావుకారికి సరిపోయింది. మడ్‌గార్డుల మీద మాత్రం రజాకార్ల చోట జెండాలు పట్టుకున్న ఖద్దరు టోపీలవారు ఎక్కారు. వారు ఇంకొంచెం బొద్దుగా ఉండేవారు.

కమాను విరిగింది. పటాలం బియ్యం ఒకరోజు ఆలస్యమైంది. విచారణకు వచ్చిన అధికారికి తెలుగు రాదు. దుబాసీగా వెంకట్రాములే కూర్చున్నాడు. జయానందం వెంట నేనూ వెళ్లాను. పాత మిసిలు బల్ల మీద ఉన్నది. "ఆయుధాల ఉక్కు నిల్వ" అన్న మాట అందులో ఉన్నది. ఆ ఉక్కు ఎవరికోసమని అధికారి అడిగాడు.

"ఈడు రజాకార్లను మడ్‌గార్డుల మీద కూసోవెట్టుకొని తిప్పిండు," అని ముందు మాకు వినిపించేటట్టు తెలుగులో అని, తరువాత హిందీలో చెప్పాడు వెంకట్రాములు.

"కూసోవెట్టింది మీరు గద, సావుకారీ," అన్నాడు జయానందం.

ఆ మాట హిందీలోకి వెళ్లలేదు. నేను లేచి చెప్పబోతే, నీకు సంబంధం లేదని కూర్చోబెట్టారు. ఆ పూటే లైసెన్సు రద్దయింది. కారణాలు రెండు చూపారు: రజాకార్లకు తోడ్పాటు, వాహనానికి బుద్ధిపూర్వకంగా నష్టం. సంఘం మనిషి అని కొట్టించిన మిసిలునే చూసి రజాకార్ల మనిషి అని తీర్పు చెప్పడం ఎట్లా సాధ్యమని నేను వ్రాసిన అర్జీకి, "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. రెండవ అర్జీకీ అదే జవాబు. మూడవదానికి జవాబే లేదు.

ఇప్పుడు జయానందం కిరాయి ఎడ్లబండి తోలుతున్నాడు. అదే గోదాముకు అవే వడ్లు. బండిలో సంచులు తానే సర్దుతాడు. మొన్న వెంకట్రాములు గోదాము ముందు నిలబడి, అన్నీ ముందుకు వేయమని కేకేశాడు.

"ముంగట బరువెక్కువైతె ఎద్దు మెడ మీద పడ్తది, సావుకారీ," అన్నాడు జయానందం. "ఎద్దు కూలవడితె దాన్ని గూడ సంఘంల కలుపుతరు."

పోయిన నెలలో మిషను దవాఖానావారు కబురు చేశారు. వారి పాత డ్రైవరు పని మానుకుంటున్నాడు. లైసెన్సు చేతికి వస్తే జయానందాన్నే తీసుకుంటారట. దసరాదాకా చూస్తారు, తరువాత ఇంకొకరిని పెట్టుకుంటారు. ఎలిశిబా నా దగ్గరకు వచ్చి, "పంతులూ, ఇంకో కాయిదం రాయుండ్రి. ఈ మనిషి ఎడ్లకు గూడ కీర్తనలు పాడుతుండు, వాడకట్టు నవ్వుతున్నది," అన్నది. నవ్వుతూనే అన్నది. కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

అందుచేత ఈ కాగితం. లైసెన్సు రద్దు చేసిన అధికారులారా, మిసిలు మూసి మా బడికి రండి. పాత సర్కారు జప్తు చేయడం మరచిన కమాను పట్టీ అక్కడ గంటగా వేలాడుతున్నది. అది విరిగినచోట సగం నల్లబడిన పాత తుప్పు, సగం పైపైన పట్టిన కొత్త తుప్పు. ఒక్క దెబ్బకు ఎవరో తెంచినది కాదనీ, బరువుకు నాళ్ల తరబడి పగులుతూ వచ్చి తెగినదనీ ఎవరికైనా కనిపిస్తుంది. అదీ చాలకపోతే ఆ వ్యానులో సంచులన్నీ ముందుకే పేర్పించి, మీరొక మడ్‌గార్డు మీద, వెంకట్రాములు గారు రెండవదాని మీద కూర్చుని కుల్చారం నుంచి మెదకు దాకా రండి. కాలువలో పడకుండా చేరితే జయానందం నేరస్థుడని నేనే సంతకం చేస్తాను. అంత ధైర్యం లేదా, అయితే రెండు నేరాలూ కొట్టివేసి, దసరాలోపల అతని లైసెన్సు అతని చేతిలో పెట్టండి.