మాస్టారు నిద్రపోతున్నారు, మాట్లాడండి

మా మాస్టారికి ఒకే ఒక్క అలవాటు ఉంది. పాఠం మొదలుపెట్టగానే నిద్రపోతారు.

అదేదో చిన్న కునుకు అనుకునేరు. మెడ వెనక్కి వాల్చి, నోరు కాస్త తెరిచి, కింద సైకిల్ షాపులో గాలి కొట్టే పంపుతో పోటీపడుతూ గురక పెడతారు. ఒకసారి షాపతను మెట్లెక్కి పైకి వచ్చి, "మా పంపు పాడైందేమోనని హడలిపోయానండీ. చప్పుడు ఇక్కడిదా, సరే" అని నిశ్చింతగా దిగి వెళ్ళాడు. గురక మాస్టారు అని పేరు పెట్టింది కూడా అతనే.

మాది కార్మిక సంఘం. పని కోసం వేరే భాష మాట్లాడే ఊరికి వచ్చి పడ్డవాళ్ళం. ఇక్కడ మా చేతులు అందరికీ కావాలి, మా నోళ్ళు ఎవరికీ అక్కర్లేదు. నొప్పి ఎక్కడుందో డాక్టరుకు చెప్పాలన్నా, ఇదేం అన్యాయమని మేస్త్రీని అడగాలన్నా ఈ ఊరి భాష రావాలి. అందుకే సైకిల్ షాపు మీది గదిలో సాయంత్రం బడి పెట్టాం. కార్యదర్శిని గనక మాస్టారిని వెతికి తెచ్చే పని నా మీద పడింది. రిటైరైన భాషా పంతులు. ఈ ఊరి భాషా, మన భాషా రెండూ మంచినీళ్ళలా మాట్లాడతారు. ఏమిస్తే వస్తారని అడిగితే, "ఒక పడక్కుర్చీ చాలమ్మాయ్" అన్నారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మొదటిరోజు అందరూ పలకాబలపాల వయసు పిల్లల్లా బిగుసుకుని కూర్చున్నారు. మాస్టారు పుస్తకం తెరవలేదు.

"ముందు చెప్పులు విప్పండి" అన్నారు. విప్పారు.

"ఇప్పుడు భుజాలు విప్పండి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బరువులు మోసీ మోసీ మీ భుజాలు చెవుల దాకా ఎక్కి కూర్చున్నాయి. కిందికి దింపండి. ఆఁ, అలా. ఇప్పుడు దవడ విప్పండి."

"విప్పడం సరే సార్, మళ్ళీ బిగించేదెవరు? నా సామానంతా షెడ్డులో ఉండిపోయింది" అన్నాడు వెల్డరు. అందరూ నవ్వారు.

"ఇదిగో, విప్పుకుంది. పళ్ళు కరుచుకుని కూర్చుంటే మాట ఎటునుంచి వస్తుంది, చెవిలోంచా? ఇప్పుడు ఊపిరి మెల్లగా వదలండి. ఇంకా మెల్లగా. ఎలాగో నేను చూపిస్తాను."

చూపించారు. అలా వదిలిన ఊపిరి మళ్ళీ గురకగానే లోపలికి వెళ్ళింది.

వెల్డరు గొంతు తగ్గించి, "మాస్టారు నిద్రపోతున్నారు, మాట్లాడండి" అన్నాడు. బోర్డు మీద ఆయన ముందే రాసిపెట్టిన మాటలు పట్టుకుని ఈ ఊరి భాషలో మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరూ వినడం లేదన్న ధీమా మనిషిని ఎంత వాగుడుకాయను చేస్తుందో ఆ రోజు చూశాను. ఇల్లు కారుతోందని చెప్పబోయి వెల్డరు తన తల కారుతోందన్నాడు. అదే సమయానికి మాస్టారి ముక్కులో ఏదో అడ్డం పడ్డట్టు గురక ఠక్కున ఆగింది. "తల కాదు, ఇల్లు, ఇల్లు" అని వెల్డరు సర్దుకున్నాడు. గురక మళ్ళీ అందుకుంది. పాపం, ముక్కు డాక్టరుకు చూపించాలి అనుకున్నాను.

మా అధ్యక్షుడికి ఇవేవీ నచ్చలేదు. ఆయన మంచినీళ్ళు అడిగినా నినాదంలా ఉంటుంది.

"కార్మికవర్గం మేలుకోవాలని మనం గొంతు చించుకుంటుంటే, నువ్వు నిద్రపుచ్చేవాణ్ణి తెచ్చావేంటమ్మా?"

"పాఠం సాగుతోంది కదా అన్నా."

"పాఠం సాగడం లేదు, ఆయన కాళ్ళు సాగుతున్నాయి. తప్పు చేస్తే లేపి నిలబెట్టి అడగాలి. అప్పుడు వస్తుంది భాష."

"లేపి నిలబెట్టే పని ఊళ్ళో అందరూ చేస్తూనే ఉన్నారన్నా" అన్నాను. జవాబైతే చెప్పాను గానీ నాకూ లోపల పీకుతూనే ఉంది. ఎందుకంటే అప్పటికే ఇస్త్రీ అక్క సంగతి మా మెడకు చుట్టుకుంది.

ఇస్త్రీ అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు ఉతికి, ఆవిరి యంత్రం మీద ఇస్త్రీ చేసే పని. ఆ యాజమాన్యం కొత్త రూలు గోడకు అంటించింది: లాండ్రీ వాళ్ళంతా ప్రమాదాల గురించి ఈ ఊరి భాషలో నోటిపరీక్ష నెగ్గాలి, నెగ్గనివాళ్ళు రేపటినుంచి రానక్కర్లేదు. ఆ కాగితం కూడా ఈ ఊరి భాషలోనే ఉంది. ఏళ్ళ తరబడి పనిచేయించుకున్నంత కాలం ఒక్క మాట నేర్పనివాళ్ళకు, తీసేయాల్సి వచ్చేసరికి భాష గుర్తొచ్చింది. గేటు దగ్గర కూర్చుని గొడవపెట్టి గడువు సంపాదించాం. ఇక నేర్చుకోవడమే మిగిలింది.

అక్కకు మాటలు రాక కాదు. మా గదిలో, గురక నీడన, యంత్రం గురించి గడగడా చెప్పేస్తుంది. అదే మాట షర్టు ఇన్ చేసుకున్న మనిషి ఎవరైనా అడిగితే చాలు, నోటికి తాళం పడిపోతుంది. "ఉద్యోగం పోతే పిల్ల చదువు ఆగిపోతుందమ్మా. అది గుర్తొస్తే నాలిక కర్రయిపోద్ది" అంది నాతో.

పరీక్షకు అక్కకు తోడుగా నేను, మాస్టారు వెళ్ళాం. ఆయన్ని రావద్దనే అన్నాను.

"అక్కడ పడక్కుర్చీ ఉండదు సార్."

"బెంచీ ఉంటుందిగా. నాకు ఏదైనా ఒకటే" అన్నారు.

పరీక్షగదిలో అధికారి బల్ల వెనక కూర్చుని కలం టక్‌టక్‌మని కొడుతున్నాడు. అక్క భుజాలు అప్పటికే చెవులు అందుకున్నాయి.

"ఆవిరి పైపు పగిలితే ఏం చేస్తావు?" అన్నాడు.

అక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కలం ఇంకో రెండుసార్లు టక్‌టక్‌మంది. అక్క చీర చెంగును వేలికి చుట్టుకోసాగింది.

అంతలో వెనక బెంచీ మీదినుంచి గురక.

మొదట సన్నగా, తర్వాత సైకిల్ పంపు స్థాయిలో. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారిని గట్టిగా మోచేత్తో పొడిచాను. కదల్లేదు. అధికారి కలం ఆగిపోయింది.

"ఎవరతను? లేపండి" అన్నాడు.

నేను లేవబోతుంటే, అక్క వెనక్కి తిరిగి మాస్టారిని ఒకసారి చూసింది. చీర చెంగు వదిలేసింది. భుజాలు రెండూ మెల్లగా కిందికి దిగడం నేను కళ్ళారా చూశాను.

"లేపకండి సార్" అంది, ఈ ఊరి భాషలో. "పెద్దాయన. రోజూ మాతో అలిసిపోతారు. మీరు నన్ను అడగండి, నేను చిన్నగా చెప్తాను."

బోర్డు మీద ఎన్నడూ లేని మాటలవి. అధికారి కలం బల్ల మీద పెట్టేసి, తన గొంతు కూడా తగ్గించి, "సరే, చిన్నగానే చెప్పు" అన్నాడు. అక్క చెప్పింది. ముందు పక్కవాళ్ళను దూరంగా పంపుతాను, ఆవిరి మీట కట్టేస్తాను, ఆ తర్వాత మిమ్మల్ని పిలుస్తాను అని. ఆ రోజు గురక ఒక్కసారి కూడా ఆగలేదు.

అధికారి కాగితం మీద సంతకం పెట్టి, "బాగా నేర్చుకున్నావు. మీ మాస్టారెవరు?" అని అడిగాడు.

అక్క వెనక బెంచీ చూపించింది. అధికారి నమ్మలేదు.

బయటికొచ్చాక మాస్టారిని పట్టుకున్నాను. "నేను పొడిచిన పోటుకి శవమైనా లేచేది. మీరు నిద్రపోలేదు."

"చక్కిలిగింతలు ఆపుకోలేక చచ్చానమ్మాయ్" అన్నారు పక్కటెముకలు రుద్దుకుంటూ. "అసలు నాకు పగలు నిద్రే రాదు."

"మరి ఇన్నాళ్ళూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా కళ్ళు చూశావా? తప్పు వినపడగానే పెద్దవవుతాయి. నాకు తెలియకుండానే. బడిలో నేను నోరెత్తి ఎవర్నీ తిట్టింది లేదు, అయినా నా వంక చూసి పిల్లలు ఆగిపోయేవాళ్ళు. అలవాటు మార్చుకుందామని చాలా చూశాను, కుదర్లేదు. కళ్ళు మూసుకోవడం సులువనిపించింది. ఊరికే మూసుకుంటే వింటున్నానని తెలిసిపోతుందిగా, అందుకని గురక."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "క్లాసులో మాత్రం చెప్పకు. మళ్ళీ బిగుసుకుపోతారు" అని మాట తీసుకున్నారు.

రెండడుగులు ముందు నడుస్తున్న ఇస్త్రీ అక్క నా కోసం ఆగింది. మాస్టారు టీ కోసం అటు తిరగగానే నా చెవిలో, "నిద్ర కాదని చెప్పాడా నీకు?" అంది.

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసమ్మా. తప్పు మాట్లాడినప్పుడే ఆగే గురక ఎక్కడన్నా ఉంటుందా? వెల్డరన్న మొదటివారమే పట్టేశాడు. కళ్ళు మూసుకుని వినే మనిషి దగ్గర మాకు భయమేంటి? నువ్వు మాత్రం ఆయనకి చెప్పకు. తెలిస్తే పాపం, సిగ్గుపడి కళ్ళు తెరిచేస్తాడు."

ఇప్పుడు రెండు వైపులా మాటిచ్చి ఇరుక్కుపోయాను. మా అధ్యక్షుడు మాత్రం ఏ రహస్యమూ తెలియనివాడు. మొన్న క్లాసు చూడ్డానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఈ ఊరి భాషలో ఓ నినాదం అందుకున్నాడు.

గురక ఠక్కున ఆగింది.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. వెల్డరు వేలు పెదాల మీద పెట్టుకుని, "ముందు చెప్పులు విప్పన్నా" అన్నాడు.