నీళ్ల వెంట పోతే ఊరొస్తుందని

మా బాన్సువాడ వైపు దారి తప్పినవాడు ఎవరినీ అడగనక్కర్లేదు. కాలువ కనబడితే చాలు, పారే దిక్కుకు నడిస్తే ఏదో ఒక ఊరు వచ్చి తీరుతుంది. చిన్నప్పుడు వర్ని నుంచి వస్తూ చెరుకు తోటల్లో తప్పిపోయి నేనూ తమ్ముడూ అట్లాగే ఇల్లు చేరాం. వాడి చెయ్యి పట్టుకుని నడిపించింది నేనే.

పెద్దయ్యాక వాడికి కొండల పిచ్చి పట్టింది. ఈశాన్య సరిహద్దు కొండల్లో ఎవరూ సరిగ్గా పటం గీయని లోయ ఒకటుందని, నడిచి గీస్తానని బయలుదేరాడు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని, అక్కడి చెట్లు చూడకుండా నేనెందుకు ఆగాలి?

"నీ మోకాళ్లు ఊకుంటయా అక్కా?"

"నా మోకాళ్ల ఫికర్ నీకెందుకు? నీ సంచి నువ్వు మోసుకో."

అక్కడి కొండ ఊరి పెద్దాయన ఒకరు దారి చూపడానికి వచ్చారు. ఆయనకు హిందీ కొంచెమే వచ్చు. మాట్లాడాలన్న కోరిక అంతకన్నా తక్కువ.

ఐదో రోజు పొద్దున్నే పొగమంచు దిగింది. అన్నాళ్లూ అరిచిన పక్షులు ఆ రోజు అరవలేదు. పైన దారి చూసి వస్తానని, తాను తిరిగొచ్చేదాకా ఈ బండ దగ్గరే ఉండమని చెప్పి పెద్దాయన మంచులో కలిసిపోయారు. మధ్యాహ్నం దాటినా రాలేదు. సంచిలో ఒక పూటకు సరిపడా బియ్యమే ఉంది. ఫోన్‌లో పటం ఆకుపచ్చ మరకలా ఉంది తప్ప ఒక్క గీత కూడా చూపలేదు.

బండ పక్కనే సన్నటి వాగు పారుతోంది.

"ఇగ లే, పోదాం" అన్నాను.

"ఈడ్నే ఉండుమన్నడు గదక్కా."

"ఆయన రాకపోతే? నీళ్లు కిందికే పోతయ్. నీళ్లున్న కాడ ఊరుంటది. మన దిక్కు కోటగిరిల ఏ పిల్లగాన్ని అడిగినా చెప్తడు."

"ఇది కోటగిరి కాదు."

"నీళ్లు నీళ్లే గదరా."

నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. వాడు సంచి భుజానికెత్తుకున్నాడు.

గంట నడిచేసరికి రెండు వైపులా కొండ దగ్గరికి జరిగింది. నరికిన కొమ్మ లేదు, పశువుల పేడ లేదు. మా కాలువ గట్టున అడుగడుగునా ఉండే మనిషి జాడ ఇక్కడ ఒక్కటీ లేదు. అది నేను గమనించాను. నోరు మాత్రం విప్పలేదు. విప్పితే ఓడిపోయినట్టు గదా.

ఒకచోట చెట్టు వేళ్లకు చిక్కుకుని వెదురు బుట్ట కనిపించింది, వీపుకు తగిలించుకునేది. చివికిపోయి లోపల నాచు పెరిగింది. తమ్ముడు దాన్ని చూసి నన్ను చూశాడు. పక్కనుంచి దాటి నడిచాం.

కొంత దూరం పోయాక రాళ్ల మీది గలగల పోయి, ఎక్కడో లోతు నుంచి తిరగలి తిప్పినట్టు మోత మొదలైంది. ముందు వాగు లేదు, మంచే ఉంది. అంచు ఎక్కడో చూస్తానని వాడు ఒక్క అడుగు వేశాడు. నాచు మీద కాలు జారి రెండు బండల మధ్య ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు ఆ మోతలో కూడా నాకు వినిపించింది.

వాడి సంచి పట్టీ రెండు చేతులతో పట్టుకుని, గొంతు పోయేదాకా అరిచాను. పొద్దు వాలుతుండగా పెద్దాయన వచ్చారు. నన్ను తిట్టలేదు. తమ్ముడి కాలు బయటికి తీసి, హిందీలో నెమ్మదిగా చెప్పారు: "ఊళ్లు పైన ఉంటాయి. కింద ఎవరూ ఉండరు."

దవాఖానలో రెండుసార్లు కోశారు. ఇప్పటికీ వాడి మడమ నేలకు సరిగ్గా ఆనదు. ఎవరైనా అడిగితే "జారిన" అంటాడు, అంతే.

"అక్క తీస్కపోయిందని చెప్పరాదు?" అన్నాను ఒకరోజు.

"చెప్తే నువ్వు కాదంటవ్. నీతోని ఎవడు కొట్లాడుతడక్కా?"



సాయంత్రాలు ఇద్దరం కాలువ గట్టుకు పోతాం. వాడు కర్ర పట్టుకుని ముందు, నేను వెనక. నీళ్లు వచ్చే దిక్కుకే నడుస్తాడు, పారే దిక్కుకు ఎన్నడూ తిరగడు. ఎందుకని నేను అడగను.