మిరపకాయల పక్కన ఎండిన తూటాలు

ఆ రోజుల్లో వరంగల్ మొత్తం మీద జింక వేటకు తూటాలు ఎంచాలంటే నన్నే పిలిచేవారు. తూటాను చెవి దగ్గర ఆడించి, అది జింకను కొడుతుందో చెట్టును కొడుతుందో చెప్పేసేవాణ్ణి. (వరంగల్ మొత్తం అన్నది కొంచెం ఎక్కువే. పిలిచింది మా మేనమామ ఒక్కడే. అదీ ఒక్కసారే.)

మామది పాలంపేట. జింకలు వరి మేసి పోతున్నాయని లైసెన్సు రైఫిలు తీసుకున్నాడు. జింకను కొడితే జైలనే చట్టం అప్పటికింకా రాలేదు. ఆయన కూతురి మీద నాకు మనసు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. "అల్లుడా, బజార్ల ఉంటవు గదా, జర మంచి తూటాలు ఏరుకరా, సూద్దాం నీ తెలివి" అన్నాడు. పిల్లనిస్తాడా లేదా అన్నది ఇక ఆ తూటాల మీదే ఉందని నాకు అర్థమైపోయింది.

మాకు మట్టెవాడలో మిర్చి దుకాణం. నాకు తెలిసిన ఎంపిక ఒక్కటే: ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమనాలి. తుపాకుల దుకాణం సేటు రెండు రకాలు ముందు పెట్టి, "మొన సూదిగున్నది జింకల నుంచి అవతలికి ఎల్లిపోతది, దెబ్బతిన్న జింక అడివిల పడి ఉరుకుతది. మొద్దుమూతిది లోపల్నే విచ్చుకుంటది, జింక ఆడ్నే పడ్తది" అన్నాడు. "ఎట్ల విచ్చుకుంటది సేటూ? బొక్క తాకితేనా, ఉత్త మాంసం తాకినా విచ్చుకుంటదా? జింకకు తెలుస్తదా?" అని నేను అడుగుతూనే ఉన్నాను. "తమ్మీ, తూటాలు కొంటవా, జింక తరఫున అడుగుతాన్నవా?" అన్నాడాయన. మొద్దుమూతివే తీసుకుని, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించి మరీ ఏరాను. సేటు బల్ల కిందికి వంగిపోయాడు. (నవ్వడానికో, దాక్కోవడానికో ఇప్పటికీ తెలియదు.) అంతటితో ఊరుకున్నానా? మంచు చెమ్మ పోవాలని డాబా మీద మిరపకాయల పక్కనే వాటినీ ఎండబోశాను. "గవి పేలి ఇల్లు లేసిపోతే నీ పెండ్లి ఎవడు జేస్తడురా!" అని మా అమ్మ ఒకటే మొత్తుకోలు.

పొద్దువాలే వేళ పొలం గట్టున మామ ఆ తూటాలు వాసన చూసి, గట్టిగా తుమ్మాడు. ఎండబెట్టిన సంగతి గర్వంగా చెప్పాను. ఆయన అన్నీ జేబులో వేసుకుని, కాసేపటికి రైఫిలు నా చేతిలో పెట్టి "అగో, కొట్టు" అన్నాడు. జింక కంకి నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. నొక్కాను. టక్కుమంది, అంతే. జింక నమిలి, మింగి, తీరిగ్గా నడిచిపోయింది. (ఒక్క తూటాకు రెండు జింకలు పడ్డాయని మనవళ్లకు చెప్పింది ఈ వేట గురించే.) అయినా నెల తిరక్కుండా మామ పిల్లనిచ్చాడు. జింక పడకపోయినా, నా ఎంపికలో తెలివి ఆయనకు కనబడిందన్నమాట.

ఆ తూటా ఎందుకు పేలలేదన్న సందేహం మాత్రం ఇన్నేళ్లుగా పోలేదు. ఎండ ఎక్కువైందా? కారం ఘాటు మందులోకి దిగిందా? మొన్న ఇదంతా రాసి మా ఆమెకు చదివి వినిపించి, మనవడి ఫోన్లో ఒకసారి వెతికిద్దామా అన్నాను. ఆమె వెల్లుల్లి ఒలుస్తూ తలైనా ఎత్తలేదు.

"ఏం ఎతుకుతవయ్యా? అండ్ల తూటా ఉంటే గదా పేలేది! తూటాలు ఎండబోసినోని చేతికి నిండు తుపాకి ఇస్తే జింక కంటే ముందు నేనే పోత అని మా నాయిన ఖాళీదే ఇచ్చిండు. జింక పోతాంటే నువ్వు దానికి చెయ్యి ఊపినవట, గది రాయవేం? గది సూసి నన్నిచ్చిండు. నీ తెలివి సూసి కాదు."