కుక్కర్ విజిల్‌తో సహా దించిన ఫ్రీ జాజ్

చేవెళ్ల చరిత్రలో సంగీతానికి జరిగిన అతి పెద్ద ప్రమాదానికి కారకుణ్ణి నేనే. ఆ ఘనత తనదని ఇంకెవరైనా చెప్పుకుంటే నమ్మకండి.

అప్పట్లో మా పెళ్లి బ్యాండుకు జిల్లాలు దాటిన పేరు. సరే, చేవెళ్ల నుంచి షాబాద్ దాకా పేరు. షాబాద్‌లోనూ కొందరికే. క్లారినెట్ నాది, మాస్టర్నీ నేనే. మాకు తెలిసిన పని ఒక్కటే: క్యాసెట్ వినడం, అందులో ఏముంటే అది పొల్లుపోకుండా దించడం. పాడేవాడు మధ్యలో ముక్కు చీదితే మా ట్రంపెట్ కూడా చీదాల్సిందే!

అంతలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాయి, వాటి వెనకే డీజే పెట్టెలూ వచ్చాయి. పెళ్లివాళ్లు మా షాపు ముందు నుంచే వెళ్లి ఆ పెట్టెలు మాట్లాడుకుంటున్నారు. బ్యాండు మూసేయాలా అని తల పట్టుకున్న రోజుల్లో మొయినాబాద్ ఫామ్‌హౌస్ నుంచి ప్రసాద్ గారు కబురు పెట్టారు. భీమవరం నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి.

"మా ఆఫీసు వాళ్లకి ఫ్రీ జాజ్ పరిచయం చేద్దామనుకుంటున్నానండీ. పేరున్న రికార్డులు వినిపిస్తాను, చివర్లో మీరు వాయించాలి. నచ్చితే మా తమ్ముడి పెళ్లికి మీ బ్యాండే, మాస్టారూ."

సాఫ్ట్‌వేర్ పెళ్లి! అది ఒక్కటి చేతికొస్తే షాపు నిలబడుతుంది.

"జాజా సార్? మా తాత కాలం నుంచి గదే వాయిస్తున్నం," అన్నాను. ఆ మాట పుట్టి బుద్ధెరిగి విన్నది అప్పుడేనని మీకు మాత్రమే చెబుతున్నాను.

ఆయన సంబరపడి ఒక క్యాసెట్ చేతిలో పెట్టారు. "రికార్డు ప్లేయర్ ముందు టేప్‌రికార్డర్ పెట్టి నేనే ఎక్కించానండీ. ఒకదాంట్లో రెండు బృందాలు ఒకేసారి వాయిస్తాయి, అసలు రికార్డులో ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. ఇంకోదాంట్లో సాక్సఫోన్ భజనలా మొదలై గుండెలు బాదుకునే దాకా వెళ్తుంది. మూడోది ఒక సాక్సఫోన్, ఒక డ్రమ్, అంతే. ముందే అనుకున్న వరస ఉండదు, తాళం ఉండదు. ఒకళ్లనొకళ్లు వింటూ అప్పటికప్పుడు..."

"సమజైంది సార్!"

కాలేదు. అప్పుడే మిర్చి బజ్జీలు వచ్చాయి.

షాపులో క్యాసెట్ పెడితే కోళ్ల గంపలో పిల్లి దూరినట్టుంది. సాక్సఫోన్ వాయించే యాదగిరి బెదిరిపోయాడు. "అన్నా, టేపు నలిగినట్టున్నదే?"

"నోర్ముయ్‌రా, గదే జాజ్. రెండు బృందాలది దించుదాం."

ఎవరు ఏ చెవో మా టేపులో తేలలేదు. బీడీ తాగేవాళ్లు ఎడమ చెవి, తాగనివాళ్లు కుడి చెవి అని నేనే తేల్చేశాను. ఊళ్లో వాయిస్తే కొడతారని ముడిమ్యాల పొలాల్లోకి పోయాం. టమాటలు తెంపుతున్న ముసలమ్మ నడుం ఎత్తి అరిచింది: "ఓ బాపూ, బర్రె ఈనలేక సస్తున్నదా ఏంది? దవాఖానకు తోలుకపోరాదు!"

మధ్యలో ఒకచోట పొడుగాటి ఈల, దాని వెనకే ఒక దగ్గు.

"అన్నా, దగ్గు గూడ దించాల్నా?"

"క్యాసెట్ల ఉన్నదా లేదా?"

ఈల నా క్లారినెట్‌కు, దగ్గు డ్రమ్ము మల్లేశ్‌కు. ఎడమ చెవి మనిషి కదా, వాడికి సాధన అక్కర్లేకపోయింది. నెల తిరిగేసరికి గందరగోళమంతా కంఠతా వచ్చేసింది.

ఆదివారం ఫామ్‌హౌస్‌లో ఇసకేస్తే రాలనంత జనం. సరే, ఒక షామియానా కింద పట్టినంత. ప్రసాద్ గారు రికార్డుల గొప్పతనం చెప్పి మమ్మల్ని పిలిచారు. వాయించాం చూడండీ! నా ఈల పలకగానే ఆయన భార్య స్వరూప గారు లేచి వంటింట్లోకి పరుగెత్తారు. కాసేపటికి అయోమయంగా తిరిగొచ్చారు. మేం ఆపగానే చప్పట్లే చప్పట్లు.

"అద్భుతం మాస్టారూ! ఇంకొక్కటి!"

ఇంకొకటి మా దగ్గర ఎక్కడిది? అదే మళ్లీ ఎత్తుకున్నాం. అదే అరుపు, అదే మూలుగు. ప్రసాద్ గారి నవ్వు మెల్లగా మాయమైంది. ఈల వచ్చింది. దగ్గు వచ్చింది.

స్వరూప గారు గభాల్న లేచారు. "ఏవండీ! ఆ కుక్కర్ మనదండీ! ఆ దగ్గు మీదే!"

బ్యాండు ఆగిపోయింది.

"మాస్టారూ, దీన్ని బట్టీ పట్టారా?"

"పొల్లు పోకుండ సార్! యాడన్న తప్పుంటే చెప్పుర్రి."

"అప్పటికప్పుడు పుట్టాలండీ అది! రెండుసార్లు ఒక్కలా ఉండకూడదు!"

యాదగిరి నా చెవి దగ్గరికి వంగాడు. "అన్నా, అంటే నేర్చుకోకుంట వస్తే సరిపోతుండెనా?"

పెళ్లి పోయింది, షాపు పోయింది అనుకుంటూ క్లారినెట్ సంచిలో పెట్టబోయాను. ప్రసాద్ గారు భళ్లున నవ్వేశారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. "ఆ రికార్డు చేసినవాళ్లు కూడా దాన్ని ఇంకోసారి ఇలాగే వాయించలేరండీ. ప్రపంచంలో మీరొక్కరే! పెళ్లికి మీరే రావాలి. దగ్గు మాత్రం వద్దు."

"కుక్కర్ ఉండాలి," అన్నారు స్వరూప గారు.

ఆ సాయంత్రమే క్లారినెట్ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ ఫ్రీ జాజ్ బట్టీ పట్టను. అయితే పట్టింది ఎక్కడికీ పోలేదు. కావాలంటే ఇప్పుడు అడగండి. నా ఈలకు మీ ఇంట్లో ఎవరో ఒకరు పొయ్యి దగ్గరికి పరుగెత్తకపోతే నన్ను మాస్టర్ అనకండి.