అమ్మవారిని అడిగిన ఇంగ్లీషు అక్షరం

మా నాయన చిక్కపేటలో ఒక బట్టల అంగడిలో గుమాస్తా. తెలుగు, కన్నడం చదివేవాడు. ఇంగ్లీషులో తన సంతకం తప్ప మరేమీ రాదు. అందుకే నన్ను కంటోన్మెంటు వైపు ఉన్న ఇంగ్లీషు బడిలో వేశాడు. మా వీధిలో ఆ బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే.

యాభైల్లో మా ఊరికి క్రాస్‌వర్డ్ పోటీల పిచ్చి పట్టింది. ఏ హోటల్లో చూసినా ఒక చేతిలో కాఫీ లోటా, ఇంకో చేతిలో గడుల కాగితం. నాయనకూ ఆ పురుగు కుట్టింది. నింపాల్సింది ఇంగ్లీషు మాటలు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

ఆ పోటీ ఎట్లా ఉండేదో చెప్తాను. నాలుగక్షరాల మాట ఇస్తారు. మూడక్షరాలు వాళ్ళే అచ్చు వేసి మొదటి గడి ఖాళీగా వదిలేస్తారు. పక్కన ఒక ఆధారం ఉంటుంది, 'సుఖాన్నిచ్చేది దొరికితే మగవాడికి ఇంకేం కావాలి' అని. ఖాళీలో ఎల్ పెడితే లైఫ్, డబ్ల్యూ పెడితే వైఫ్. రెండూ కుదురుతాయి. కుదిరేట్టే పెడతారు, దొంగలు. వాళ్ళ మనసులో ఉన్నదేదో ముందే కవర్లో పెట్టి సీలు వేసేస్తారు. ఇందులో చదువుకు పనేముంది? బొమ్మాబొరుసూ వేసుకోవడమే. ఈ సంగతి నాయన తలకెక్కించడం నా వల్ల కాలేదు.

"రెండూ సరే నాయినా" అన్నాను.

"రెండూ సరంటే ఎట్లా పాపా? ఒకటి తేల్చి చెప్తావనే కదా నిన్ను చదివిస్తా ఉండేది."

"మా దొరసాని టీచరొచ్చినా తేల్చలేదు."

మేనత్త చేట పక్కన పెట్టి అందుకుంది. "చూడప్పా, తెలీకుంటే తెలీదని చెప్పల్ల. టీచరమ్మ మీదికి తోస్తా ఉండాది."

అమ్మ వంటింట్లోంచి అడిగింది, "వైఫ్ అంటే పెండ్లామే కదా? అట్లయితే అది కాదులే. ఎంత సుఖమో నేను చూస్తానే ఉండాను." అందరం నవ్వాం. ఆ ఇంట్లో ఆ గడుల గురించి నవ్వింది అదే ఆఖరు.

అప్పటికే పోటీ వెంట పోటీ ఓడిపోయి ఉన్నాం. ఓడిన ప్రతిసారీ తప్పు నా చదువుదే అయ్యేది. నాయనను చిన్నప్పటి నుంచి సాకింది మేనత్తే, ఆమె మాటకు ఆయన ఎదురు చెప్పడు. "ఈ తూరి కూడా బహుమానం రాకుంటే బడి మాన్పిస్తా" అని ఒకరోజు నా ఎదుటే ఆమెకు మాటిచ్చేశాడు. వచ్చే ఏడు పై క్లాసుకు పోతే గాజుగొట్టాలున్న సైన్సు గదిలోకి రానిస్తారు. రోజూ ఆ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూసి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ గదికీ నాకూ మధ్య ఈ ఎల్, డబ్ల్యూల ఖాళీ గడి వచ్చి కూర్చుంది.

"మనుషులకు తెలీకుంటే అమ్మను అడుగుదాం" అన్నాడు నాయన.

పెళ్ళిసంబంధమైనా, బావి తవ్వకమైనా మావాళ్ళు అమ్మవారినే అడుగుతారు. పూజారి విగ్రహానికి తడిపూలు అంటిస్తాడు. అడిగేవాళ్ళు మనసులోనే అడిగి నిలబడాలి, పైకి అనకూడదు. కుడిపక్క పువ్వు రాలితే అవును, ఎడమపక్క రాలితే కాదు. శుక్రవారం తలకు పోసుకుని గుడికి పోయాం. "ఇంగ్లీషు నా నోట్లో సరిగ్గా తిరగదు, అమ్మకు అర్థం కాదు. నువ్వే అడుగు పాపా. డబ్ల్యూ అయితే కుడి, ఎల్ అయితే ఎడమ" అన్నాడు.

అట్లాగే అడిగాను. అక్షరం పొల్లు పోకుండా అడిగాను. నా బడి సంగతి కూడా చెప్పుకున్నాను. చాలాసేపటికి కుడిపక్క నుంచి తెల్ల చామంతి ఒకటి రాలింది. నాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఇంటికొచ్చి డబ్ల్యూ పెట్టి పంపించాం.

ఫలితాల పత్రిక వచ్చిన రోజు మిగతావేవీ ఆయన చూడలేదు. వేలు ఆ గడి దగ్గరే ఆగిపోయింది. అందులో ఎల్ ఉంది.

నాయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"అమ్మ తప్పు చెప్పదు పాపా. నువ్వే తిరగమరగ అడిగుంటావు."

"లేదు నాయినా. డబ్ల్యూ అయితే కుడి అనే అడిగినాను."

"అయితే అమ్మ అబద్ధం చెప్పిందంటావా?"

ఏమనను? అవునంటే అమ్మవారిని తిట్టినట్టు, కాదంటే తప్పు నాది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. మనసులో అడిగినదానికి సాక్షిని ఎక్కణ్ణుంచి తెచ్చేది? అమ్మ వైపు చూశాను. అమ్మ తల వంచుకుని పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"అమ్మవారి ముందరే ఒక మాట సరిగ్గా అడగను రాని పిల్లకి బడి ఏంటికప్పా?" అంది మేనత్త. "గమ్మున ఇంట్లో ఉండనీ."

సోమవారం పొద్దున జడలు వేసుకుని, సంచి తగిలించుకుని, ఎప్పటిలా వాకిట్లో నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. మేనత్త మెల్లగా వచ్చి నా భుజం మీది సంచి తీసి లోపల పెట్టి, చీపురు చేతికిచ్చింది. ఏడుస్తూనే ఊడ్చాను. ఇంత వయసొచ్చాక కూడా అది తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఈనాటికీ తెలియదు. వాళ్ళలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు.

ఆ వారమే నాయన అంగడి నుంచి కొత్త పత్రిక పట్టుకొచ్చాడు. కాళ్ళు కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిల్ ఆయనే చెక్కి ఇచ్చాడు. ముఖంలో కోపమన్నది లేదు. గడులు వేలితో లెక్కబెట్టి, నా తల నిమిరాడు.

"ఐదక్షరాల మాట పాపా. నడుమ ఒకటి ఖాళీ ఉండాది. ఇంక బడి లేదు కదా, తీరిగ్గా ఆలోచించు."