పదివేల నాలుగువందల మూడు రాళ్ళు

రాళ్ళక్క చదివింది అయిదో తరగతి. ఎక్కాలు మాత్రం తండ్రి పక్కన గచ్చు పరుస్తూ, రాళ్ళ మీదే నేర్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా నేల మీదే పని. మోకాళ్ళు కాయలు కాశాయి.

పాత గ్రంథాలయం కూల్చేముందు, చదువుల గదిలో కొంగబొమ్మ ఉన్న నేలను, కొత్త భవనంలో మళ్ళీ పరచడానికి, ఆమే ఊడదీసింది. రంగురంగుల చిన్న చదరపు రాళ్ళు. వాటిని పరిచిన పాతకాలపు మేస్త్రి ప్రతి రాయి వెనకా ఒకటి నుంచి వరస తప్పకుండా అంకె వేశాడు. అంకెలున్నాయి కదా అనుకుని ఆమె గది కొలత రాసుకోలేదు. గోడలు పడిపోయాక గుర్తొచ్చింది, వరసకు ఎన్ని రాళ్ళో తెలియదని. చివరి రాయి వెనక ఉన్న అంకె 10,403.

"వందలోపు అన్నిటితోనూ భాగించి చూశానమ్మా, తెగలేదు. ఇది ప్రధాన సంఖ్య. సరైన వరసల్లో ఇమడదు. అంటే చివర్లో కొన్ని రాళ్ళు పోయాయి," అన్నాడు కొత్త భవనం కట్టిస్తున్న ఇంజనీరు. "సాయంత్రం లారీ వస్తుంది. ఎక్కించి, పగలగొట్టి ఇంకో చోట పునాదిలో పోసేద్దాం."

"నా చేత్తో తీశాను సారూ. ఒక్కటి కూడా పోలేదు."

"నీ పట్టుదలకి రాయైనా కరుగుతుందేమో గానీ లెక్క కరగదే అక్కా," అన్నాడు ఆమె తమ్ముడు, పక్కన సున్నం కలుపుతూ.

"నువ్వు సున్నం చూసుకో. గడ్డ కడుతోంది."

ఆమె కొత్త గోడవార కూర్చుని బొగ్గుతో లెక్క వేసింది. నూటొకటిని నూటొకటితో హెచ్చిస్తే 10,201. చాలదు. నూటరెండుని నూటరెండుతో హెచ్చిస్తే 10,404. ఒక్క రాయి తక్కువ!

గబగబా ఎనిమిది రాళ్ళు తెచ్చి, మూలన ఒకటి తగ్గిన మూడు మూళ్ళ చదరం పేర్చింది. కింది వరసలో రెండే ఉన్నాయి. ఆ రెండింటినీ తీసి, మిగిలిన రెండు వరసల పక్కన నిలువుగా పెట్టింది. వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు! ఎక్కడా ఖాళీ లేదు.

"ఇదీ అంతే సారూ. నూటరెండు చొప్పున నూటొక్క వరసలు, కింద ఒక రాయి తగ్గిన కుంటి వరస. దాన్ని నిలబెడితే నూటొకటి, నూటమూడు."

ఇంజనీరు ఫోనులో హెచ్చించాడు. 10,403. మొహం వాడిపోయింది. "వందతో ఆపేశాను. ఇంకొక్క అడుగు వేసుంటే దొరికేది. ప్రధానం కాదు, రెండు ప్రధానాల లబ్ధం."

"పేరు తరవాత పెడుదురు గాని. వరసకు నూటొకటా, నూటమూడా? అది తేలాలి."

మొదట నూటొకటి చొప్పున పొడిగా పేర్చారు. నాలుగు వరసలకే కొంగ ముక్కు పక్కకు జారిపోయింది. ఆమె అన్నీ ఎత్తి, తాడు లాగి కట్టి, నూటమూడు చొప్పున మళ్ళీ మొదలుపెట్టింది. ఏడో వరస ముగిసేసరికి కొంగ నల్లటి ముక్కు గీత పై వరసల్లోని గీతతో సరిగ్గా కలిసింది.

ఇంజనీరు ఏదో అనబోయాడు.

"మాటలు తరవాత సారూ. ఎనిమిదో వరస ఎత్తుకోవాలి. ఏడువందల ఇరవై రెండో రాయి నుంచి అందించండి."