ఫ్లైవీల్ కింద గోనెసంచి

నేనన్న ఒక మాట ఇన్నేళ్లుగా నా నోట్లోనే కుళ్లుతోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

గోదావరిఖనిలో మాది పాత బండ్ల సామాన్ల కొట్టు. నాన్న, చిన్నాన్న, మేనమామ అందరూ దుకాణదారులే. నన్ను చూసి, వీడికి మాటల కంటే ముందు బేరం వచ్చిందని ఇంట్లో మురిసిపోయేవారు. అది మురిసిపోవలసిన సంగతేనా?

మా వీధి దావీదును వరసకు కాకా అని పిలుస్తాను. ఆయన బాయిలో, అంటే భూగర్భ బొగ్గుగనిలో, పనిచేసి రిటైరయ్యాడు. ఎక్కడో మూలపడ్డ పాతకాలపు జీపు ఒకటి కొన్నాడు. దానికి డీజిల్ ఇంజన్ ఎక్కించి, తన భార్యను, అంటే చిన్నమ్మను, పక్కన కూర్చోబెట్టుకుని గోలేటిలోని కూతురింటికి నడుపుకుంటూ పోవాలని ఆయన కోరిక. ఇంజన్ దొరికింది. దాని వెనక తిరిగే బరువైన ఇనుప చక్రం, ఫ్లైవీల్, మాత్రం దొరకలేదు. అది కొత్త ఇంజన్‌కు బిగియాలి, జీపు క్లచ్ ప్లేటుకూ నప్పాలి. బోల్టుల రంధ్రాలు కలిస్తే ప్లేటు సైజు కలవదు. ప్లేటు కలిస్తే స్టార్టర్ పళ్లు అందవు. నెలల తరబడి తిరిగాడు. అన్నీ కుదిరినది నా దగ్గర ఒక్కటే ఉంది, బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత పగులుతో.

పగులు నేను చూశాను. చూసే, వేలితో గ్రీజు రాశాను. ఆయన వచ్చేలోపు చక్రం కింద గోనెసంచి మడిచి వేశాను. బాయిలో పనిచేసినవాళ్లు పైకప్పును కడ్డీతో తట్టి, మోతను బట్టి అది నిలిచేదో కూలేదో చెబుతారు. ఆ అలవాటుతో బజారులో దేన్నీ తట్టకుండా కొనరు. సంచి మీద పెడితే మంచి ఇనుమూ సరిగా మోగదు. ఇక నా సరుకుకు సాకు సిద్ధం. ఇంత తెలివి నాకెక్కణ్నుంచి వచ్చింది?

ఆయన పానాతో తట్టి చెవి దగ్గర పెట్టాడు.

"డొల్లగ మోగుతున్నదేందిరా బిడ్డా?"

"కింద సంచి ఉన్నది కద కాకా."

"లేపి తాడుకు కడుదాం పట్టు. ఇంకోపారి కొట్టి ఇంట."

"ఇని ఏం జేస్తవే. ఇన్నేండ్లు బ్లాస్టింగుల నడుమ ఉంటివి. చిన్నమ్మ పక్కన కూసొని పిలిస్తెనే పలుకవు, ఇనుము పిలిస్తే పలుకుతవా?"

ఆయన నవ్వాడు. "గదీ నిజమేరా. చెవులు పోయినట్టున్నయ్."

నేనూ నవ్వాను. తాడు కట్టకుండానే ఆయన డబ్బులిచ్చి చక్రం తీసుకుపోయాడు.

గోలేటి దారిలో ఎత్తు ఎక్కుతుండగా చక్రం పగిలింది. ముక్క ఒకటి ఫ్లోరు చీల్చుకొచ్చి, క్లచ్ మీదున్న ఆయన ఎడమ పాదాన్ని నలగ్గొట్టింది. దవాఖానకు పండ్లు తీసుకెళ్లాను. ఆ పండ్లకు కూడా బేరమాడాను. చెప్పాలని వెళ్లానా, ఆయనకు ఎంత తెలిసిందో చూసుకుందామని వెళ్లానా? రెండోదే. అబద్ధమెందుకు?

ఆయన నన్నే ఓదార్చాడు. "నీకేం తెలుస్తది బిడ్డా. బాయిల ఉన్నప్పుడైతే సంచి మోతేదో, పగులు మోతేదో చెప్పేటోన్ని. నా చెవులే ఆగమైనయ్."

జీపు తుక్కుకు పోయింది. ఆయన కర్ర పట్టుకుని నడుస్తాడు. అంతవరకైతే ఎట్లాగో మరచిపోయేవాణ్నేమో. అంత నీచం నాలో ఉంది. కానీ మొన్న ఎండాకాలం, బజారులో కుండలు కొంటూ కనిపించాడు. ఒక కుండను అలవాటుగా వేలితో తట్టి, ఆగిపోయి, నా చేతికిచ్చాడు.

"నువ్వు ఇని చెప్పు బిడ్డా. నా చెవులను నేను నమ్మ."

కొట్టాను. ఖంగుమంది. మంచిగున్నది కాకా అన్నాను. నా మాట మీద కొన్నాడు. ఇంటికొచ్చి నోరు పుక్కిలించుకున్నాను, ఎన్నిసార్లు ఉమ్మినా ఆ పాత మాట రుచి పోలేదు. కాలు చెడగొట్టింది ఇనుము. ఆయన వినికిడి మీద ఆయనకున్న నమ్మకాన్ని తీసింది మాత్రం నేను, ఒక మొండి సరుకు వదిలించుకోవడానికి.

ఇది ఆయన ముందు అనగలనో లేదో తెలియదు. అంటానని మీకు మాటిచ్చి మంచివాణ్ని అనిపించుకోను. ఇక్కడ రాస్తే నోరు కాస్త తెరిపినపడింది, అంతే.

కాకా, నీ చెవులు చెడిపోలేదు. ఆ చక్రం డొల్లగానే మోగింది. నాకూ వినపడింది.